బొమ్మకారు రొద, పొరుగింటి నిద్ర

పట్నంలో ఉద్యోగం చేసే కొడుకో, చదువుకునే మేనల్లుడో వేసవి సెలవులకు ఊరికి వస్తూ తెచ్చే వస్తువుల్లో రిమోట్ కారు కూడా ఒకటి కావచ్చు. చూడటానికి అది బొమ్మే. మూరెడు పొడవు, నాలుగు చక్రాలు, మీద రంగురంగుల తొడుగు. కాని కొన్నింటి పొట్టలో ఉండేది చిన్న సెల్లు కాదు, నిజమైన ఇంజను. ఊరి చివర కల్లంలో దానిని నడిపిన మొదటి సాయంత్రం వీధిలోని పిల్లలందరూ చుట్టూ చేరతారు. మూడవ సాయంత్రానికి పక్కింటి పెద్దాయన గడప దాటి వచ్చి, "ఏం నాయనా, ఇంకెంతసేపు ఈ రొద?" అని అడుగుతాడు. వారం తిరిగేసరికి ఆ ప్రశ్న కాస్తా తగవుగా మారుతుంది.

ఇటువంటి తగవులో ఇరుపక్షాల మాటా నిజమే కావడం విశేషం. కుర్రవాడు ఎవరికీ హాని తలపెట్టలేదు. తన సొమ్ముతో కొనుక్కున్న వస్తువుతో ఆడుకుంటున్నాడు. పెద్దాయన కూడా పిల్లల ఆటను ఓర్వలేనివాడు కాడు. మధ్యాహ్నం ఓ గంట కన్ను మూయాలని మాత్రమే కోరుకుంటున్నాడు. ఈ వినోదం పుట్టి పెరిగిన దేశాలలో అరవై ఏళ్ళుగా ఇదే వివాదం నడుస్తున్నది. అక్కడివారు నేర్చుకున్న పాఠాలను, ఇక్కడి చట్టం చెప్పే మాటను ముందుగా తెలుసుకుంటే, ఊళ్ళో మాట పట్టింపులు రాకుండానే వ్యవహారం చక్కబడుతుంది.

రెండు రకాల కార్లు

రేడియో తరంగాలతో నడిచే కార్లు విపణిలోకి వచ్చినది 1960ల నడుమ. ఇటలీకి చెందిన ఎల్జీ సంస్థ తయారుచేసిన ఫెరారీ నమూనా 1966 చివరికి బ్రిటన్ దుకాణాలలో దొరికేది. 1967లో అమెరికాలో రోర్ అనే పోటీదారుల సంఘం ఏర్పడింది. జపానుకు చెందిన టామియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాను విడుదల చేసిన తర్వాత ఈ వేడుక సామాన్య కుటుంబాలలోకి కూడా ప్రవేశించింది.

వీటిలో ప్రధానంగా రెండు తెగలున్నాయి. ఒకటి బ్యాటరీతో నడిచే విద్యుత్ కారు. రెండవది ఇంధనంతో నడిచేది. ఈ రెండవ తెగలో ఎక్కువగా కనిపించేవి 'నైట్రో' కార్లు. వీటి ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనెల మిశ్రమం. ఆ కందెన నూనెగా ఆముదాన్ని వాడటం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇప్పుడు కృత్రిమ నూనెలను కూడా కలుపుతారు. మెట్టచేలలో ఆముదం పండించే రైతులకు ఇది వింతగా తోచవచ్చు. తీవ్రమైన వేడిలోనూ లోహానికి అంటిపెట్టుకొని ఉండే గుణమే ఆముదానికి ఈ గౌరవం తెచ్చింది. మిథనాల్ మాత్రం విషమని ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. అది కడుపులోకి పోతే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. దాని మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు. కనుక ఆ డబ్బా పిల్లలకు అందని చోట, పొయ్యికి దూరంగా ఉండాలి.

నైట్రో కార్లకన్నా పెద్దవైన మరికొన్ని కార్లు పెట్రోలుతో నడుస్తాయి. అసలు కారులో అయిదవ వంతు పరిమాణంలో ఉండే వీటికి 23 నుంచి 30 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉంటుంది. కొమ్మలు నరికే యంత్రాలలో ఉండే ఇంజనుకు ఇది దగ్గరి చుట్టం.

చెవికి ఎందుకంత బాధ?

లారీ పోయినప్పుడు ఊరుకున్నవారు, పంపుసెట్టు రాత్రంతా ఆడినా నిద్రపోయేవారు ఈ బొమ్మకారుకు మాత్రం ఎందుకు విసుక్కుంటారు? ఇందుకు కారణం మోత పరిమాణం ఒక్కటే కాదు, దాని స్వభావం కూడా.

నైట్రో ఇంజను పాత లూనా మోపెడ్ ఇంజనులాగే టూ స్ట్రోక్ తెగకు చెందినది. అంటే ఇరుసు ఒక్కసారి తిరిగినప్పుడల్లా లోపల ఒక పేలుడు జరుగుతుంది. మోపెడ్ ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే సెకనుకు 83 పేలుళ్ళు. నైట్రో ఇంజను నిమిషానికి 30,000 చుట్లకు పైగా తిరగగలదు. అంటే సెకనుకు 500 పేలుళ్ళు. పేలుళ్ళు దగ్గరపడిన కొద్దీ శబ్దం బొంగురు వీడి కీచుగా మారుతుంది. మనిషి చెవి లోతైన శబ్దాలకన్నా ఇటువంటి పదునైన శబ్దాలను ఎక్కువగా పట్టుకుంటుంది. పైగా పంపుసెట్టు మోత ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి చెవి దానికి అలవాటుపడుతుంది. బొమ్మకారు మోత లేస్తుంది, పడుతుంది, ఆగుతుంది, ఆగిందనుకొనేలోగా మళ్ళీ లేస్తుంది. చెవిలో దోమ పాడుతున్నట్లు ఉండటం అంటే ఇదే.

దూరం సంగతి కూడా తెలుసుకోవాలి. శబ్దాన్ని డెసిబెల్లలో కొలుస్తారు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్లు. పది డెసిబెల్లు పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపు అయినట్లు తోస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. బ్రిటన్‌లో ఇంజనుతో ఎగిరే బొమ్మ విమానాల కోసం 1982లో వెలువడిన ప్రవర్తనా నియమావళి 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్లను పరిమితిగా పెట్టింది. ఆ పరిమితికి సరిగ్గా లోబడిన ఇంజను ఒక కల్లంలో ఆడుతున్నదనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 14 మీటర్ల వద్ద 76, 28 మీటర్ల వద్ద 70, 56 మీటర్ల వద్ద 64, 112 మీటర్ల వద్ద 58 డెసిబెల్లు. 55కు దిగాలంటే సుమారు 160 మీటర్లు కావాలి. 45కు దిగాలంటే దాదాపు అర కిలోమీటరు కావాలి. నడుమ మట్టికట్ట అడ్డుంటే శబ్దం ఇంకా తగ్గుతుంది. ఎదురుగా సిమెంటు గోడలుంటే తిరిగి కొడుతుంది. గాలి ఇంటివైపు వీస్తే మరింత మోసుకొస్తుంది.

కార్ల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే తీరు మోత గల రెండు కార్లు కలిస్తే 3 డెసిబెల్లు పెరుగుతాయి. పది కలిస్తే పది పెరుగుతాయి. ఒక్క కుర్రవాడి ఆటను సహించిన వీధి, నలుగురు మిత్రులు తలా ఒక కారుతో వచ్చిన ఆదివారం నాడు భగ్గుమనడంలో ఆశ్చర్యం లేదు.

పై దేశాలు నేర్చుకున్నది

బ్రిటన్‌లో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం స్థానిక పాలక మండలికి శబ్దంపై ఫిర్యాదు అందితే విచారణ జరపాలి. బాధ నిజమని తేలితే దానిని మాన్పించేందుకు నోటీసు ఇస్తుంది. అమెరికాలో ఇటువంటి నియమాలను చాలా వరకు ఏ నగరానికి ఆ నగరం రూపొందించుకుంటుంది. ఉభయ దేశాలలోనూ అభిమానుల వాదన ఒకటే: "మా మైదానం ముందు వచ్చింది, మీ ఇళ్ళు తర్వాత వచ్చాయి." ఊరు పెరిగి పొలాలు ప్లాట్లవుతున్న ఏ చోటనైనా ఈ వాదన వినబడుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది.

ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చెప్పే తీర్పు ఒకటి బ్రిటన్ సుప్రీంకోర్టు నుంచి 2014 ఫిబ్రవరిలో వచ్చింది. అది బొమ్మకార్ల వ్యవహారం కాదు, అసలు వాహనాల పందేల వ్యవహారం. సఫోక్ ప్రాంతంలో 1970ల నుంచి పందేలు జరుగుతున్న స్టేడియానికి అర కిలోమీటరుకు పైబడిన దూరంలో ఒక జంట 2006లో ఇల్లు కొనుక్కున్నది. రొద భరించలేక కోర్టుకెక్కింది. బాధ ఉన్న చోటికి బాధితులే నడిచి వచ్చారన్న ఒక్క కారణం ప్రతివాదికి రక్షణ కాజాలదని న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రణాళికా విభాగం అనుమతి ఇచ్చినంత మాత్రాన పొరుగువారి హక్కు హరించుకుపోదని కూడా చెప్పింది. అయితే ప్రతి వ్యవహారంలోనూ ఆటను నిలిపివేయడమే పరిష్కారం కానక్కరలేదని, తగిన సందర్భాలలో నష్టపరిహారంతో సరిపెట్టే అధికారం కోర్టులకు ఉన్నదని దారి చూపింది.

కోర్టుల దాకా పోకముందే మేలుకొన్న సంఘాలు తమకు తామే కట్టుబాట్లు విధించుకున్నాయి. ఐరోపా పోటీలను నిర్వహించే ఎఫ్రా సమాఖ్య ఇంజను కార్లకు తాను ఆమోదించిన సైలెన్సర్లనే అనుమతిస్తుంది. ఇంజను గాలి పీల్చే చోట కూడా మోతను అణచే పెట్టె ఉండాలంటుంది. రొద పొగగొట్టం నుంచే కాక గాలి లోపలికి పోయే ద్వారం నుంచి కూడా పుడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో అనేక సంఘాలు విద్యుత్ కార్లకు మారి, పాఠశాలల క్రీడామందిరాలలో నాలుగు గోడల మధ్య పోటీలు జరుపుకుంటున్నాయి.

ఈ మార్పుకు సాంకేతిక ప్రగతి కూడా తోడైంది. 2000వ దశకంలో బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు అందుబాటులోకి రావడంతో విద్యుత్ కారు వేగంలో నైట్రో కారుకు దీటుగా నిలిచింది. దాని శబ్దం పళ్ళచక్రాల గీర, టైర్ల ఒరిపిడి మాత్రమే. అయితే రొద పోయినంత మాత్రాన జాగ్రత్త పోరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే రెండు మూడు కిలోల వస్తువు పసిపిల్లవాడి కాలికి తగిలితే ఎముక విరుగుతుంది. లిథియం బ్యాటరీని ఛార్జింగులో పెట్టి ఇల్లు వదలి పోవడం అగ్నిప్రమాదానికి ఆహ్వానం.

భారతదేశపు చట్టం

భారతదేశంలో శబ్దానికి సంబంధించిన ప్రధాన శాసనం 2000 ఫిబ్రవరి 14న వెలువడిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు. ఇవి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద రూపొందాయి. వీటిలో బొమ్మకార్ల ప్రస్తావన ప్రత్యేకంగా లేదు. శబ్దం ఎక్కడి నుంచి పుట్టినా వర్తించే పరిమితులే వీటికీ వర్తిస్తాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు.

పరిమితిని 10 డెసిబెల్లు లేదా అంతకన్నా ఎక్కువగా దాటినప్పుడు ఎవరైనా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. రాత్రివేళ ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, లేదా ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రశాంతంగా బతకడాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. వినడం ఇష్టంలేని వారి చెవుల్లో శబ్దాన్ని బలవంతంగా నింపే హక్కు ఎవరికీ లేదని చెప్పింది. చట్టం ఉల్లంఘనకు పూర్వం జైలుశిక్ష కూడా ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే ఏర్పాటు వచ్చింది. ఇదికాక ప్రజాబాధకు భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షను వెయ్యి రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తున్నది.

ఇక్కడొక మెలిక ఉన్నది. నియమాలలోని అంకెలు ఒక్క క్షణపు మోతకు సంబంధించినవి కావు, కాలపు సగటుకు సంబంధించినవి. పైన చెప్పిన లెక్క ప్రకారం కల్లానికి 28 మీటర్ల దూరంలోని ఇంటికి 70 డెసిబెల్లు వినిపిస్తాయి. ఆట 15 నిమిషాలు సాగి, తక్కిన పగలంతా నిశ్శబ్దంగా ఉన్నదనుకుంటే, 16 గంటల సగటు సుమారు 52 మాత్రమే. అంటే పెద్దాయన నిద్ర నిజంగానే చెడింది, అంకె మాత్రం హద్దు దాటలేదు. చట్టం నా పక్షాన ఉన్నదని కుర్రవాడు విర్రవీగినా, కేసు పెట్టి తీరతానని పెద్దాయన పట్టుపట్టినా ఇద్దరికీ ఒరిగేదేమీ లేదు.

సరిహద్దు ఊళ్ళలో చిక్కులు

సరిహద్దు గ్రామాలకు మరొక ఇబ్బంది ఉన్నది. శబ్దానికి ఎల్లరాయి కనబడదు. కర్ణాటక పొలంలో పుట్టిన రొద ఆంధ్ర వీధిలో వినిపించవచ్చు. యానాంలో రోడ్డు ఒక మలుపు తిరిగేసరికి పాలనే మారిపోతుంది. 2000 నాటి నియమాలు కేంద్ర ప్రభుత్వానివి కాబట్టి ఎల్లకు ఇరువైపులా అంకెలు ఒకటే. మారేది అధికారి మాత్రమే. ఆడే మైదానం ఏ జిల్లాలో ఉన్నదో ఆ జిల్లా అధికారికి రాసుకోవడమే సరైన మార్గం. కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో రాయడం రాదని వెనుకాడనక్కరలేదు. కేంద్రంలో గాని ఆయా రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం సమర్పించే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. తెలుగు ప్రతితోపాటు ఆ రాష్ట్ర భాషలో నాలుగు వాక్యాల సారాంశం జతచేస్తే పని త్వరగా జరుగుతుంది.

స్థలం విషయంలో కూడా మెలకువ అవసరం. కుర్రవాళ్ళ చూపు సాధారణంగా ఊరుమ్మడి భూమి మీద పడుతుంది. తమిళనాట పోరంబోకు, కర్ణాటకలో గోమాళ, మహారాష్ట్రలో గాయరాన్, ఒడిశాలో గోచర్ అని పిలిచేది ఆ భూమినే. ఎవరిదీ కాదనిపించే ఆ నేల నిజానికి అందరిదీ. ఓ సాయంత్రం ఆడి రావడం వేరు. మట్టి మెరకలు పోసి, కంచె వేసి, శాశ్వతంగా ట్రాకు కట్టడం వేరు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పశువులు మేసే నేల మీద ట్రాకు వేసేవారు శబ్దం తగవుతోపాటు భూమి తగవును కూడా నెత్తికెత్తుకున్నట్లే. పంచాయతీ అనుమతి లేకుండా ఆ పని తలపెట్టరాదు.

తగవు రాకుండా

అనుభవం నేర్పిన జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

కొత్తగా కొనేవారు విద్యుత్ కారును ఎంచుకోవడం అన్నిటికన్నా సులువైన మార్గం. ఇంజను కారే కావాలనుకుంటే మంచి సైలెన్సరు, గాలిద్వారపు పెట్టె అమర్చుకోవాలి. చివరి ఇంటికి కనీసం 160 మీటర్ల దూరం పాటించాలి. ఇంజనును సరిచూసుకునే పని కూడా ఇంటి ముంగిట కాక అక్కడే చేసుకోవాలి; చాలాచోట్ల తగవు తెచ్చేది ఆ పనే. పొలంలో పశువులుంటే, గేదెలకు పాలు పితికే వేళ అయితే ఆగాలి. బడి, ఆసుపత్రి చుట్టుపక్కలకు పోరాదు.

వేళను ముందుగా చెప్పడం దూరంకన్నా విలువైనది. సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ఆడతామని చెప్పి ఆరింటికి ఆపేసినవాడిపై పొరుగువారికి నమ్మకం కుదురుతుంది. ఎప్పుడు ఆగుతుందో తెలిసిన మోతను సహించడం తేలిక. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియనప్పుడే చిన్న శబ్దమైనా ప్రాణాలు తోడుతుంది. ఇంట్లో బాలింతరాలు, జబ్బుమనిషి, పరీక్షలకు చదివే పిల్ల ఉన్నప్పుడు ఆ సంగతి అడిగి తెలుసుకోవడం ఆడేవారి బాధ్యత.

పొరుగువారు కూడా మొదటి మాట పోలీసుస్టేషనులో కాక కుర్రవాడి తల్లిదండ్రుల దగ్గర చెప్పాలి. "ఆపండి" అనడంకన్నా "ఫలానా వేళ వద్దు" అనడం ఫలిస్తుంది. మాట వినకపోతే తేదీ, వేళ, ఎంతసేపు అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, పంచాయతీలో గాని అధికారి ముందు గాని ఆ కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. సెల్‌ఫోనులో శబ్దాన్ని కొలిచే సదుపాయాలు ఉజ్జాయింపుకు పనికివస్తాయి; నిర్ణయానికి అధికారుల పరికరమే కావాలి.

పొరుగువారు మూకుమ్మడిగా తిరగబడిన తర్వాత కాక, తిరగబడకముందే తమ వేళకు, మోతకు తామే హద్దు గీసుకున్న చోటనే ఈ వినోదం నిలిచింది. సెలవులు ముగిశాక కుర్రవాడు పట్నం వెళ్ళిపోతాడు. కారు పెట్టెలోకి చేరుతుంది. ఊళ్ళో మిగిలేది అతని తల్లిదండ్రులు, ఆ పక్కింటి పెద్దాయన. గోడ అవతలి నుంచి మజ్జిగ చెంబు అందుకునే ఆ రెండిళ్ళ నడుమ మాట తెగకుండా ఉండటంకన్నా ఏ ఆటా ఎక్కువ కాదు. గంటసేపటి ఆటకు చోటివ్వలేనంత ఇరుకైన ఊరూ ఉండదు.